కోడి పేగుల్లో పురుగులు కనిపించాయి, ఆ కూర తిన్నాము: ప్రమాదం ఉందా?

మీది చీపురుపల్లి దగ్గర ఊరని రాశారు. అమ్మవారి పండుగకు పెరట్లో పెంచిన పెట్టను కోస్తే పేగుల్లోంచి వేలెడు పొడవున్న తెల్లని పురుగులు పది పన్నెండు బయటపడ్డాయనీ, పేగులు పారేసి మాంసం వండుకుని ఇంటిల్లిపాదీ తిన్నారనీ, తిన్నవారిలో నాలుగేళ్ల పాప, ఏడో నెల గర్భంతో ఉన్న మీ చెల్లెలు కూడా ఉన్నారనీ చెప్పారు. వాళ్లకు ఏమైనా అవుతుందా, మిగిలిన పద్దెనిమిది కోళ్లను ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. మీరు చూసిన పురుగులు మనిషి కడుపులో బతకలేవు. బాగా ఉడికిన ఆ కూర వల్ల పాపకు గాని, మీ చెల్లెలికి గాని పురుగులు పట్టవు. మిగిలిన కోళ్లను చంపనక్కరలేదు, వాటికి మందు తాగించి గూడు, నేల బాగుచేసుకుంటే సరిపోతుంది. అలాగని కోళ్ల నుంచి మనుషులకు వచ్చే పరాన్నజీవులు అసలే లేవని కాదు. కొన్ని ఉన్నాయి, కాకపోతే అవి మీరు పేగుల్లో చూసినవి కావు. ఈ తేడా తెలియక అనవసరమైన చోట భయపడి, జాగ్రత్త పడవలసిన చోట ఏమరుపాటుగా ఉండే ఇళ్లను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 31 ఏళ్లు పశువైద్యం చేసిన కాలంలో చాలా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు వర్ణించిన తీరును బట్టి అవి కోళ్లకు వచ్చే ఏలికపాములు, శాస్త్రనామం అస్కారిడియా గల్లి. తెల్లగా, కొద్దిపాటి పసుపు ఛాయతో, రెండు కొసలూ సన్నబడి ఉంటాయి. ఆడ పురుగు 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అవి చిన్నపేగులో ఉండి గుడ్లు పెడితే, ఆ గుడ్లు కోడి రెట్టతో నేల మీద పడతాయి. పడిన వెంటనే అవి ఇంకో కోడికి అంటవు. వెచ్చగా, తడిగా ఉన్న నేలలో దాదాపు రెండు వారాలు ఉండి, లోపల పిల్ల తయారైన తరువాత ఇంకో కోడి గింజలతో పాటు వాటిని ఏరుకుని తింటేనే దానికి పురుగు పడుతుంది. వానపాములు ఈ గుడ్లను మింగి మోసుకు తిరుగుతాయి కనుక, వానాకాలంలో గత్తం కుప్పను కెలికి వానపాములను తినే నాటుకోళ్లలో ఈ బాధ ఎక్కువ. కోడి నుంచి నేలకు, నేల నుంచి మళ్లీ కోడికి తిరిగే ఈ దారిలో మనిషికి చోటు లేదు.

మన పిల్లల కడుపులో పడే ఏలికపాము వేరే జాతి. అది మనిషి మలంతో చెడిన మట్టి నుంచి, కడగని చేతుల నుంచి, శుభ్రం చేయని కూరగాయల నుంచి వస్తుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల, పాపకు కడుపులో పురుగులు పడితే నేరం పెరటి కోడి మీదికి వెళ్తుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో అంగన్‌వాడీలలోనూ బడులలోనూ ఇచ్చే అల్బెండజోల్ మాత్ర మీ పాపకు క్రమంగా వేయించండి. అది ఈ కూర తిన్నందుకు కాదు, మన నేల మీద ఆడుకునే ఏ పాపకైనా అది అవసరం కనుక.

కోడి ఏలికపాము గురించి మరొక సంగతి చెప్పాలి. ఒకసారి గరివిడి వైపు నుంచి ఒకావిడ స్టీలు గిన్నె మీద కొంగు కప్పుకుని ఆసుపత్రికి వచ్చారు. గిన్నెలో పగలగొట్టిన కోడిగుడ్డు ఉంది. తెల్లసొనలో ఒక పురుగు దారంలా చుట్టుకుని ఉంది, గిన్నెను కదిపితే సొనతో పాటు అదీ మెల్లగా కదిలింది. అదే పెట్ట గుడ్లను రోజుకొకటి చొప్పున మనవడికి ఉడకబెట్టి పెడుతున్నానని చెప్పి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కోడికి గుడ్డు వచ్చే దారీ, రెట్ట వచ్చే దారీ చివర ఒకే చోట కలుస్తాయి. పేగులో పురుగులు మరీ ఎక్కువైనప్పుడు ఒకటి అరా ఆ కలిసే చోటి నుంచి గుడ్డు దారిలోకి ఎగబాకుతుంది, దాని మీద తెల్లసొన, పెంకు కమ్ముకుపోతాయి. ఆ మనవడికి ఏమీ కాలేదు, కావడానికి కారణం కూడా లేదు. గుడ్డు పారేసి, పెట్టకు మందు వేయించమని చెప్పి పంపాను.

బద్దెపురుగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. రెట్ట మీద బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు కనిపిస్తే అవి బద్దెపురుగు తునకలు. కొన్ని రకాల్లో పేగు బయటి వైపు చిన్న చిన్న బొడిపెలు లేచి, చూసినవారు క్షయ అని పొరబడతారు. కోళ్లకు ఇవి చీమలు, పెంకు పురుగులు, ఈగలు, నత్తలు తినడం వల్ల వస్తాయి. నేల తగలకుండా బోనుల్లో పెంచే గుడ్ల కోళ్లకు కూడా ఈగల ద్వారా ఒక రకం వస్తుంది. కోడిలోని ఈ బద్దెపురుగులు మాంసం ద్వారా మనకు రావు. మెదడుకు చేరి మూర్ఛలు తెప్పించే బద్దెపురుగు గురించి మీరు విని ఉంటారు. అది పందులకూ మనుషులకూ మధ్య తిరిగేది, కోళ్లతో దానికి సంబంధం లేదు.

పరాన్నజీవుల్లో కోళ్ల రైతును నిజంగా ముంచేది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చిపెట్టిన తరువాత పలాస వైపు ఒక చిన్న బ్రాయిలర్ షెడ్డుకు వెళ్లాను. పైకప్పు రేకులు సగం లేచిపోయాయి, కింద పరిచిన ఊక పిడికిట్లో పట్టి నొక్కితే నీరు కారేలా ఉంది. వారం తిరిగేసరికి మూడు వారాల వయసు పిల్లలు రెక్కలు వేలాడేసుకుని ఒక మూల ముడుచుకుపోయాయి, ఊక మీద ఎర్రని రెట్టలు పడ్డాయి. చచ్చిన పిల్లను కోసి చూస్తే పేగు చివర జంటగా ఉండే రెండు గుడ్డిపేగులూ నెత్తురు దట్టించినట్టు ఉబ్బి ఉన్నాయి. దీనికి కారణమైన ఐమీరియా అనే సూక్ష్మజీవి తడి ఊకలో ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే దశకు చేరుతుంది, అందుకే అంత వేగం. ఆ షెడ్డులో పని చేసే దంపతులు పసిబిడ్డను పక్కనే ఉయ్యాలలో వేసుకుని ఉన్నారు, బిడ్డకు వస్తుందేమోనని అడిగారు. రాదు. కోళ్ల ఐమీరియా కోళ్లకే పరిమితం. పక్కనున్న మేకకు కూడా రాదు, మేకలకు వచ్చేది వేరు. అయినా బిడ్డను షెడ్డులో ఉంచవద్దనే చెప్పాను. ఆ ఊక దుమ్ము, అమ్మోనియా వాసన పసి ఊపిరితిత్తులకు మంచివి కావు.

ఇక మనుషులకు నిజంగా సంబంధించినవాటి గురించి.

మొదటిది టాక్సోప్లాస్మా అనే సూక్ష్మ పరాన్నజీవి. ఇది కోడి పేగులో కాదు, కండలోనూ గుండెలోనూ మెదడులోనూ కంటికి కనిపించని తిత్తుల రూపంలో ఉంటుంది. దీనికి మూలం పిల్లి. ఎలుకను గాని, పచ్చి మాంసపు ముక్కను గాని తిని మొదటిసారి ఈ జీవి సోకిన పిల్లి ఒకటి నుంచి మూడు వారాల పాటు తన మలంలో దీని గుడ్ల వంటి బీజాలను లక్షలకొద్దీ విడుస్తుంది. అవి మట్టిలో ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటుకునే స్థితికి వచ్చి, నీడ, తేమ ఉన్న చోట నెలల తరబడి బతుకుతాయి. మట్టిలో ముక్కు పెట్టి గింజలు ఏరుకునే పెరటి కోడికి ఇది సోకడానికి అవకాశం ఎక్కువ. షెడ్డులో ఊక మీద 40 రోజులు పెరిగి బయటికి పోయే బ్రాయిలర్‌కు చాలా తక్కువ. సోకిన కోడి సాధారణంగా ఏ జబ్బూ చూపదు, కోసినా ఏమీ కనిపించదు. నాటుకోడి అంటే ఏ మచ్చా లేని తిండి అని మనవాళ్లకు గట్టి నమ్మకం. రుచి మాట నేను కాదనను గాని, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ నమ్మకం నిలవదు.

ఆరోగ్యవంతులకు ఇది సోకినా చాలామందికి తెలియనే తెలియదు, కొందరికి నాలుగు రోజులు జ్వరం, మెడ బిళ్లలు వచ్చి పోతాయి. అయితే గర్భిణికి గర్భంతో ఉన్న కాలంలోనే మొదటిసారి సోకితే బిడ్డకు చేరే ప్రమాదం ఉంది, బిడ్డ కళ్లూ మెదడూ దెబ్బతినవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గిన రోగులకు కూడా ఇది ప్రమాదమే. మీ చెల్లెలి విషయంలో చూడవలసింది పురుగులను కాదు, దీనినే.

మాంసం మధ్య భాగం వరకు 67 డిగ్రీల వేడి తగిలితే ఈ తిత్తులు చస్తాయి. బాక్టీరియాను కూడా లెక్కలో వేసుకుని కోడి మాంసానికి 74 డిగ్రీలు అని చెబుతారు. మన ఇళ్లలో నాటుకోడిని ఎముక నుంచి కండ విడిపోయేదాకా, పులుసు తెర్లుతూ గంటసేపు ఉడికిస్తాం, కుక్కరులో అయితే వేడి ఇంకా ఎక్కువ. కనుక మీరు తిన్న కూరలో ఏ టాక్సోప్లాస్మా మిగిలి ఉండదు. భయం నిప్పుల మీద కాల్చే ముక్కలతో ఉంది. పైన నల్లగా మాడి, కొరికితే లోపల గులాబీ రంగులో ఉండే తొడ ముక్క ఉడకనిదే. అరకు దారిలో అమ్మే బొంగు చికెన్ అయినా, తోటల్లో పిక్నిక్‌లలో కాల్చుకునేదైనా, ముక్కను చీల్చి ఎముక దగ్గర చూసి తినండి. ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచితే తిత్తులు చావవు; మైనస్ 12 డిగ్రీల వద్ద గాని, అంతకన్నా చల్లగా గాని గడ్డకట్టించి మూడు నాలుగు రోజులు ఉంచితే చాలావరకు చస్తాయి.

అయితే కూర ఉడికింది సరే, కోసినదెవరు? ఈ ప్రశ్న మీరు అడగలేదు, నేను అడుగుతున్నాను. పచ్చి మాంసం కోసిన కత్తిపీట మీదనే వెంటనే ఉల్లిపాయ, కీరా తరగడం, పచ్చి మాంసం పట్టిన చేత్తోనే పాపకు ముద్ద పెట్టడం మన వంటిళ్లలో రోజూ జరుగుతుంది. పరాన్నజీవుల కన్నా సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియాలకు ఇది రాచబాట. కోడి వల్ల మనిషికి వచ్చే జబ్బుల్లో వీటి వాటా పురుగుల కన్నా చాలా పెద్దది. మీ చెల్లెలు ఆ రోజు పచ్చి మాంసం కడగడంలో గాని, పేగులు తీయడంలో గాని చేయి వేసి ఉంటే, తరువాతి పరీక్షకు వెళ్లినప్పుడు ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. అవసరమనిపిస్తే టాక్సోప్లాస్మా రక్తపరీక్ష వారే రాస్తారు. చేయి వేయకపోతే, కూర మాత్రమే తిని ఉంటే ఏ పరీక్షా అక్కరలేదు. కాన్పు అయ్యేదాకా పచ్చి మాంసం పని, పిల్లి తిరిగే మట్టిలో చేతులు పెట్టే పని ఇంకెవరైనా చూసుకోవాలి.

రెండోది కోళ్ల గూటిలో దాగే ఎర్రనల్లులు, మంచాల్లో ఉండే నల్లులు కావు. ఇవి మనుషులను కుట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. కొత్తవలస మండలంలో ఒక ఇంట్లో ముసలమ్మగారు రెండు నెలలుగా రాత్రిళ్లు ఒళ్లంతా దురదతో నిద్రపోవడం లేదు, గజ్జి మందు రాసినా తగ్గలేదు. నేను వెళ్లింది గుడ్లు తగ్గిన పెట్టలను చూడటానికి. కోళ్ల గూడు ఆవిడ మంచం పక్క కిటికీ కిందనే ఉంది. కోళ్లు రాత్రి వాలే వెదురు దుంగను గోడ నుంచి ఊడదీసి, అతుకు దగ్గర తెల్లకాగితం పెట్టి తట్టాను. ఇసుక రేణువుల్లాంటివి రాలి నడవసాగాయి. కాగితాన్ని మడిచి బొటనవేలితో నొక్కితే ఎర్రని నెత్తుటి గీతలు పడ్డాయి. ఇవి పగలు చీలికల్లో దాగి, రాత్రి వచ్చి కోళ్ల రక్తం తాగే ఎర్రనల్లులు. కోళ్లు చాలకపోయినా, గూడు ఖాళీ అయినా పక్కనున్న మనిషి మీదికి వస్తాయి. మనిషి ఒంటి మీద స్థిరపడి పెరగలేవు గాని కుడతాయి, దద్దుర్లు లేస్తాయి. మన వైపు వీటిని కూడా కోడిపేలు అనే అంటారు. నిజమైన కోడిపేను ఈకలు, పొలుసులు తిని బతుకుతుంది, మనిషి మీద నిలవదు.

ఆ ఇంట్లో వెదురు దుంగలు కాల్చేయించి, గూటి చీలికల్లో మరిగే నీళ్లు పోయించి, సున్నం పూయించి, గూటిని ఇంటి గోడకు దూరంగా మార్పించాను. ఏడు రోజుల తరువాత ఇదంతా మరోసారి చేయించాను, ఎందుకంటే మొదటిసారి మిగిలిన గుడ్లు అప్పటికి పిల్లలవుతాయి. ముసలమ్మగారి దురద ఏ మందూ లేకుండానే తగ్గింది. పొలానికి కొట్టే పురుగుమందును కోళ్ల మీద చల్లేవారు ఉన్నారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి, అది గుడ్డులోకి వస్తుంది.

మూడోది క్రిప్టోస్పోరీడియం అనే సూక్ష్మ పరాన్నజీవి. కోళ్లలోనూ టర్కీలలోనూ ఉండే ఒక రకం మనుషులకు కూడా నీళ్ల విరేచనాలు తెస్తుంది. ఆరోగ్యవంతులకు అది దానంతటదే తగ్గుతుంది. పసిపిల్లలకు, కీమోథెరపీ వంటి చికిత్సలో ఉన్నవారికి తీవ్రం కావచ్చు. రెట్ట ఎత్తిన చేతులు సబ్బుతో కడుక్కోవడమే దీనికి కాపుదల.

నాలుగోది పరాన్నజీవి కాదు, దాన్ని చంపడానికి మనం వేసే మందు. ఇంట్లో ఉన్న అల్బెండజోల్ మాత్రను నలగ్గొట్టి దాణాలో కలిపి, మర్నాడు ఆ కోళ్ల గుడ్లు సంతలో అమ్మినవారిని నేనెరుగుదును. అమ్మినవారిది దుర్బుద్ధి కాదు, ఎవరూ వారికి చెప్పలేదు. కోళ్ల కోసం చేసిన మందైతే దాని సీసా మీద మాంసానికి ఎన్ని రోజులు, గుడ్లకు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. అది చదవలేనివారు మందు ఇచ్చిన పశువైద్యుణ్ణి అడిగి, ఆ తేదీని గూటి మీద సుద్దతో రాసుకోవాలి. పండుగ దగ్గర పడిందని మందు వేసిన కోడిని ఆ గడువులోపు కోయకండి.

ఇప్పుడు మీ పద్దెనిమిది కోళ్ల సంగతి. ఒకదానిలో అన్ని పురుగులు ఉన్నాయంటే మిగిలినవాటిలో కూడా ఉంటాయనే అనుకోవాలి, అన్నింటికీ ఒకేసారి మందు వేయాలి. పైపరజీన్ చవక, నీళ్లలో కలపడం తేలిక, కాని అది ఎదిగిన ఏలికపాముల మీదే పనిచేస్తుంది. పేగు గోడలో ఉన్న పిల్ల పురుగులను, బద్దెపురుగులను అది ఏమీ చేయదు. అందుకే మూడు వారాలకు మళ్లీ వేయవలసి వస్తుంది. ఫెన్‌బెండజోల్ పిల్ల పురుగుల మీద కూడా పనిచేస్తుంది. ఏది వేయాలో, ఎంత వేయాలో కోళ్ల బరువు చూసి మీ ఊరి పశువైద్యశాలలో చెబుతారు. సాయంత్రం నీళ్లు తీసేసి, తెల్లవారి దాహంగా ఉన్నప్పుడు మందు కలిపిన నీళ్లు పెడితే అన్నీ తాగుతాయి. ఎండలు ముదిరిన రోజుల్లో మాత్రం నీళ్లు ఆపకండి, కోళ్లు వడదెబ్బకు పోతాయి.

మందు కన్నా నేల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఏలికపాము గుడ్లు తడి మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా నిలుస్తాయి. ఎండకూ పొడికీ చస్తాయి. మందు వేసిన రెండు మూడు రోజులు కోళ్లను గూటిలోనే ఉంచి, ఆ రెట్టను ఎత్తి కోళ్లు కెలకలేని గుంటలో పూడ్చండి. ఆ రోజు కోసిన పెట్ట పేగులను ఎక్కడ పారేశారో మీరు రాయలేదు. పెరట్లో పారేసి ఉంటే ఆ పురుగుల్లోని వేలాది గుడ్లు అక్కడి మట్టిలోకే చేరి ఉంటాయి. ఆ చోటు మట్టిని తవ్వి తీసి సున్నం చల్లండి. గూటి ముందు నీళ్ల కుండ చుట్టూ ఎప్పుడూ తడిగా ఉండే జాగాలో రెండు తట్టల ఇసుక పోయించండి. మూడు నెలల లోపు పిల్లలకు ఈ పురుగులు ఎక్కువ హాని చేస్తాయి కనుక, వాటిని పెద్ద కోళ్లు తిరిగిన నేల మీద వదలకండి. విటమిన్ ఏ తగ్గిన కోళ్లకు ఏలికపాములు మరింత తేలికగా పడతాయి. మునగాకు, తోటకూర తరిగి వేస్తే ఖర్చు లేకుండా ఆ లోటు తీరుతుంది.

ఇదంతా చేసిన మూడు వారాలకు, తెల్లవారి పడిన తాజా రెట్టను నాలుగైదు కోళ్ల నుంచి కొంచెం కొంచెంగా మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో తీసుకుని పరీక్షకు ఇవ్వండి. గరివిడిలోని పశువైద్య కళాశాల మీకు దగ్గరే. సూక్ష్మదర్శినిలో గుడ్లు కనిపిస్తే రెండో విడత మందు వేయాలి, కనిపించకపోతే అక్కరలేదు; పైపరజీన్ వేసి ఉంటే మాత్రం గుడ్లు కనిపించకపోయినా రెండో విడత వేయాలి. ఎండలో ఎండిపోయిన రెట్టను మాత్రం తీసుకెళ్లకండి, అందులో గుడ్లు కనిపించకపోయినా కోళ్లలో పురుగులు లేవని చెప్పలేము.